ఐవార్ సీసాలో మాత్రలు

మే 14

ఆసుపత్రి వాళ్లు ఒక పుస్తకం ఇస్తారట. ముట్లు ఆగిన వయసులో ఒంట్లోంచి ఎగిసే ఈ ఆవిర్లు రోజుకు ఎన్నిసార్లు వచ్చాయో అందులో గీతలు పెట్టాలట. గీతలు వాళ్లకు. తిట్లు మాత్రం ఇక్కడ రాసుకుంటాను. ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

ఈ రోజు మూడో నంబరు బస్సు వంతెన దాటుతుండగా మొదలైంది. ముందు గుండెల దగ్గర పొయ్యి వెలిగింది. తర్వాత మెడ, చెవులు, మాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పక్క కిటికీ తెరిచానో లేదో వెనక నుంచి కేక.

"ఏమ్మా డ్రైవరూ! ఆ కిటికీ ముయ్యి. వెనక కూడా తెరిచుంది, గాలి దూరుతోంది!"

బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. ఆవిడేమో ఉన్నిచొక్కా వేసుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, నాకు ఊపిరాడటం లేదు."

"ఊపిరాడకపోతే కాసేపు ఓర్చుకో. గాలి కొడితే మూతి వంకరపోతుంది. మా చెల్లెలికి అలాగే పోయింది."

బస్సంతా ఆవిడ వైపే. ఈ నీష్ ఊరి జనం బాంబులు పడ్డప్పుడు కూడా ఇంత భయపడలేదు. రెండు కిటికీల మధ్య తిరిగే గాలి అంటే మాత్రం వణికిపోతారు. కిటికీ మూశాను. మూసి, చివరి స్టాపు దాకా ఉడికాను.

ఇంట్లోనూ అదే భాగోతం. మా ఆయన తిహోమిర్ పోయాక నాకు మిగిలింది వాళ్లమ్మ. ఆరో అంతస్తులో అత్తాకోడళ్లం ఇద్దరం, మా మధ్య ఒక కిటికీ. నేను తెరుస్తాను, ఆవిడ మూస్తుంది. ఎండాకాలంలో కూడా నడుముకు శాలువా చుట్టుకుంటుంది, మూత్రపిండాలకు గాలి తగలకూడదట.

మొన్న చలికాలంలో నిద్రలేమితో కళ్లు మూతపడి బస్సును పేపర్ల బడ్డీకి గీరేశాను. అప్పుడే మా డిపో మేనేజరు రదొవాన్ చెప్పాడు, "అక్కా, అక్టోబరులో వైద్యపరీక్ష. ఈలోగా నిద్ర సంగతి చూసుకో. తేడా వస్తే నిన్ను బస్సులు కడిగే షెడ్డుకి పంపేస్తారు. నా చేతుల్లో ఏమీ ఉండదు." ఎన్నో ఏళ్లుగా స్టీరింగ్ పట్టిన చేతులివి. ఇవి నీళ్ల గొట్టం పట్టుకుంటాయా?

హార్మోన్లు నాకు కుదరవు. నాలుగేళ్ల కిందట రొమ్ములో గడ్డ తీశారు, ఇక జన్మలో ఆ మందుల జోలికి పోవద్దన్నారు. అందుకే, హార్మోను లేని కొత్త మాత్ర మీద పరిశోధన చేస్తున్నారంటే పరిగెత్తుకెళ్లి పేరిచ్చాను. వచ్చే బుధవారం రమ్మన్నారు.

మే 21

డాక్టర్ యస్మినా చిన్నపిల్ల. జడలో పెన్ను గుచ్చుకుని, అది ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటుంది.

విషయం ఇదీ. కొందరికి అసలు మాత్ర ఇస్తారు, కొందరికి అచ్చం అలాగే ఉండే పిండి మాత్ర. ఎవరికి ఏది పడిందో మాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. కంప్యూటరుకే తెలుసు. పన్నెండు వారాలు ఇలా గడవాలి. చివరిదాకా సక్రమంగా నిలిచినవాళ్లందరికీ తర్వాత ఏడాదిపాటు అసలు మందే ఇస్తారు. "అందరికీ" అన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

బెంచీ మీద నాతోపాటు మరో ఇద్దరున్నారు. జగోర్కా బజారులో మిరపకాయలు అమ్ముతుంది. గొంతెత్తితే కోట అవతలకి వినిపిస్తుంది. రెండో ఆవిడ మిలేవా టీచరుగారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఊళ్లో సగంమంది ఆవిడ చేత మొట్టికాయలు తిన్నవాళ్లే. ఆవిర్లు ఈపాటికి ఆగిపోవాల్సిందట గానీ ఆవిడకు ఆగలేదు.

వెళ్లబోతుంటే డాక్టరమ్మ మా ముగ్గురినీ ఆపింది.

"మన ఊరి అలవాటు నాకు తెలుసు. మా అమ్మే పక్కింటావిడ దగ్గర బీపీ మాత్ర అడిగి మింగుతుంది. ఇది మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఎవరి దగ్గరా తీసుకోకండి. ఒట్టేసినట్టే అనుకోండి."

ముగ్గురం బుద్ధిగా తలూపాము. బయటికొచ్చి ఎదురు కొట్లో కాఫీ తాగాము. ఇకమీదట ప్రతి బుధవారం కలుద్దామని జగోర్కా తీర్మానించింది. ఆవిడ తీర్మానిస్తే ఎదురు చెప్పేవాళ్లు పుట్టలేదు.

మే 22

మొదటి మాత్ర. ఏమీ లేదు.

మే 24

ఏమీ లేదు. అత్తయ్య మాత్రను అరచేతిలో పెట్టుకుని చూసి, "ఇంత చిన్నదా? ఇదేం చేస్తుంది నీకు?" అంది. నాకూ అదే అనిపిస్తోంది.

జూన్ 4

పిండి. నాకు పడింది పిండే. ముందే అనుకున్నాను. నా జాతకం అంతే, క్యూలో నా ముందు మనిషి దగ్గరే రొట్టెలు అయిపోతాయి.

వారం నుంచి వానలు. తెల్లారేసరికి చలేసి దుప్పటి కోసం తడుముకున్నాను. వాన వల్లే. లేకపోతే నాకు చలి వేయడమేమిటి?

బస్సులో ఎవరో ముసలాయన కిటికీ మూయమన్నాడు. మూశాను. గొడవ పడే ఓపిక కూడా లేకుండా పోయింది నాకు.

జూన్ 11

జగోర్కాకు నయమైపోయింది. మొత్తానికే. ఈ రోజు కాఫీ దగ్గర బల్ల చరిచి మరీ చెప్పింది.

"ఏమే, మూడో రోజుకే తగ్గిపోయిందే! రాత్రి పడుకుంటే పొద్దున కోడి కూసినా తెలీలా. ఒళ్లు చూడు, చల్లగా కుండలో నీళ్లలాగా. పట్టుకో!"

పట్టుకున్నాను. చల్లగానే ఉంది. నాకు ఒళ్లు మండింది, ఆవిరి వల్ల కాదు. ఆవిడకు మంచి జరిగితే నాకెందుకు ఏడుపు? ఏడుపే. ఇక్కడ కూడా దాచుకోవడం దేనికి?

తర్వాత కప్పులు బోర్లించమంది. కాఫీ మడ్డి చూసి జాతకం చెబుతుంది జగోర్కా.

"మందు ఎవరికి పడిందో మడ్డి చెప్తుందా? ఇంతకాలం లెక్కలు చెప్పినదాన్ని, నన్ను నవ్వించకు," అంది మిలేవా టీచరుగారు. అంటూనే తన కప్పు కూడా బోర్లించి ముందుకు జరిపింది.

జగోర్కా కప్పులో నిండు గంప వచ్చింది. టీచరుగారి కప్పులో ఏదో పిట్ట. నా కప్పును అటూ ఇటూ తిప్పి పెదవి విరిచింది.

"సంచి. మూతి తెరుచుకున్న ఖాళీ సంచి. చూడు, నువ్వే చూడు. నీకు పిండేనే రుమెనా."

నేనూ చూశాను. సంచిలాగే ఉంది.

జూన్ 12

ఖాళీ సంచి.

జూన్ 25

ఈ రోజు జగోర్కా వంటింట్లో కలిశాము. వెళ్లేసరికి బల్ల మీద కడిగి ఆరబెట్టిన ఐవార్ సీసా ఉంది, మిరపకాయల పచ్చడి పెట్టుకునేది. ఆవిడ తన మాత్రలన్నీ గలగలా అందులో పోసింది.

"మీవీ పొయ్యండి. కలిపేసి ముగ్గురం పంచుకుందాం."

"డాక్టరమ్మ వద్దంది కదా," అన్నాను. అంటూనే సంచిలోంచి నా సీసా తీశాను.

"డాక్టరమ్మకి ఆవిర్లు వచ్చే వయసొచ్చాక మాట్లాడమను. నేను కడుపు నిండా తింటూ, నువ్వు పక్కన ఆకలితో కూర్చుంటే ఆ ముద్ద నా గొంతు దిగుద్దా? నీ కళ్ల కింద ఆ నలుపేంటి? రేపు ఆ బస్సు ఎవరి మీదకో తోలితే ఎవరిదా పాపం?"

టీచరుగారు ఆపుతుందేమో అనుకున్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని లెక్క చెప్పింది. "ఎవరి సీసాలో ఏముందో తెలియనప్పుడు మూడూ కలపడమే న్యాయం. ఒకరు పూర్తిగా మోసపోవడం కంటే ముగ్గురికీ తలా కొంచెం మేలు." అంత పెద్దావిడ న్యాయం అన్నాక ఇంకేం మాట్లాడతాను?

నా పిండి మాత్రలు ఆ సీసాలో పోస్తుంటే సిగ్గేసింది, ఉత్తచేతులతో పెళ్లికి వెళ్లినట్టు. జగోర్కా నా భుజం తట్టింది. మంచి మనిషి. ఆవిడను చూసి కుళ్లుకున్నందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

జూలై 3

అబ్బ, ఇదీ మందంటే! రాత్రి రెండుసార్లే లేచాను. చొక్కా ఒక్కసారే మార్చాను. దుప్పటి అసలు అవసరమే పడలేదు.

జూలై 9

బస్సులో మళ్లీ కిటికీ గొడవ. ఈసారి ఒక గర్భిణి. "నా బిడ్డకి గాలి తగులుతుంది, ముయ్యండాంటీ," అని ఏడుపు మొదలెట్టింది. నోరు జారాను. డిపోకు ఫిర్యాదు వెళ్లింది.

రదొవాన్ నా ముఖం చూసి, "నెల కిందట బాగున్నావే అక్కా. మళ్లీ కళ్లు ఎర్రబడ్డాయేంటి?" అన్నాడు.

"కొత్త మందు ఒంటికి పడుతోంది, అంతే," అన్నాను. మగాడికి ఏం తెలుస్తుంది?

జూలై 16

ఆసుపత్రిలో రక్తం తీశారు. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ. రోజూ వేసుకుంటున్నాము. అబద్ధం కాదు. ఎవరివి అని ఆమె అడగలేదు.

"మీ ముగ్గురూ బంగారు తల్లులు. మిగతావాళ్లు మధ్యలో మానేస్తున్నారు, మీరు ఒక్కరోజు కూడా తప్పలేదు," అంది. బల్ల కింద జగోర్కా నా కాలు తొక్కింది. నేను నా పాత గీతల పుస్తకం అందించి కొత్తది తీసుకున్నాను.

జూలై 18

మిలేవా టీచరుగారిని ఆసుపత్రిలో చేర్చారు. రక్తపరీక్షలో లివర్ అంకెలు బాగా పెరిగాయట. వెంటనే మాత్రలు ఆపేశారు. ఆవిడ భద్రత కోసం కంప్యూటరులో తాళం తీసి చూశారు, ఏ మాత్ర పడిందో.

పిండి. ఆవిడది పిండి.

అంటే మందు వల్ల కాదు. డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుందట. ఇప్పుడు వేరే కారణం కోసం వెతుకుతున్నారు.

జూలై 20

చూడటానికి వెళ్లాము. కళ్లు పచ్చగా ఉన్నాయి, చేతులు గోక్కుంటోంది. అయినా పక్క మంచం అమ్మాయి చేత ఎక్కాలు చెప్పిస్తోంది.

బయటికొచ్చాక జగోర్కా కళ్లొత్తుకుంది. "రెండు నెలలు పిండి తిన్నదే ఆ మహాతల్లి! మన సీసాలోది మూడో వంతేగా దక్కింది. ఇప్పుడు ఒంట్లో బాగోక, పైగా ఆవిర్లు. మన వంతులోంచి ఇద్దామే. నీ బస్సు ఎలాగూ ఆసుపత్రి ముందునుంచే పోద్దిగా."

ఇవ్వకుండా ఎలా ఉంటాము? షిఫ్టు మధ్య విరామంలో నేను ఇచ్చి వస్తానన్నాను.

జూలై 22

జున్ను కూరి పొరలు పొరలుగా కాల్చే రొట్టె, పిట, చేసి తీసుకెళ్లాను. పిట కింద కాగితంలో మాత్రలు. పిట నర్సులు తిన్నారు, మాత్రలు టీచరుగారు మింగింది. "నీకు తక్కువ పడతాయేమో," అంది. "నాకు చాలు," అన్నాను. వెధవ ఉక్కపోత. చొక్కా పిండితే గ్లాసు నిండేలా ఉంది.

జూలై 25

ఆవిడ ఇంకా పచ్చబడింది. అత్తయ్యకు చెబితే పుట్టగొడుగుల వల్ల అంది. అయ్యుండొచ్చు. ఈస్టరుకు టీచరుగారు కొండ మీద నుంచి పుట్టగొడుగులు తెచ్చుకున్న మాట నిజమే.

జూలై 26

రేగుపండ్ల సారా కూడా ఆవిడ ఇంట్లోనే కాస్తుంది. రోజూ పొద్దున ఒక చిన్న గ్లాసు. అదే అయ్యుంటుంది.

జూలై 29

పిట పట్టుకుని వెళ్తుంటే వరండాలో డాక్టరమ్మ ఎదురైంది. నిద్రలేని ముఖం. ఆమెకు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించినట్టుంది, నేను దొరికాను.

"నాకు అర్థం కావడం లేదు రుమెనా గారూ. ఆవిడకు మేమిచ్చింది పిండి మాత్ర. అది కూడా ఆపేసి పది రోజులు దాటింది. అయినా అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. మన మాత్రకు సంబంధం లేదని మందు కంపెనీకి రాసేశాను. సర్జన్లు పిత్తనాళంలో ఏదో అడ్డుపడి ఉంటుందంటున్నారు. గడ్డ కూడా కావచ్చు. వచ్చే వారం బుధవారం పొట్ట తెరిచి చూస్తారు."

"అలాగా," అన్నాను.

అంతే అన్నాను. జేబులో కాగితం పొట్లం ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకుని, అలాగా, అన్నాను.

టీచరుగారికి పిట ఇచ్చాను. మాత్రలు మర్చిపోయానని చెప్పాను.

జూలై 30

మర్చిపోయాననే చెప్పాను.

జూలై 31

నేను వెళ్లి మంచం పక్కన కూర్చున్నాక ఆవిడే మాట ఎత్తింది.

"నీ ముఖం చూస్తే తెలుస్తోంది. బడిలో కాపీ కొట్టిన పిల్లలు ఇలాగే ఉండేవాళ్లు. నోరు మెదిపావంటే ఊరుకోను. ఇంకో రెండు వారాలుంటే నీకు ఏడాది మందు వస్తుంది. లేకపోతే నీ బస్సు పోతుంది. నాదేముంది, రాయి అయ్యుంటుంది, తీసేస్తారు."

"గడ్డ అయితే?"

"గడ్డ అయినా తీసేస్తారు. మాత్రలు ఆపేసినా అంకెలు దిగలేదు కదా. ఇంకేంటి?"

"ఆపలేదు కదా టీచరుగారూ."

ఆవిడ గోడ వైపు తిరిగింది. ఎందరికో కూడికలు నేర్పిన మనిషి. ఈ ఒక్క కూడిక ఆవిడా వేయలేదు, నేనూ వేయలేదు.

"ఊరుకో," అంది చివరికి.

ఆగస్టు 2

జగోర్కాతో పోట్లాట. బజారులోనే, మిరపకాయల గంపల మధ్య.

"పదమూడో తారీకుతో పన్నెండు వారాలు అయిపోతాయిగా. ఆ తర్వాత చెప్పుకో! అప్పుడు ఊరంతా టముకు వెయ్యి, నేనొద్దన్నానా?"

"ఆపరేషన్ ఆరో తారీకునే."

"అయితే? రాయే అయ్యుంటుంది. మా మేనత్తకి కోడిగుడ్డంత రాయి తీశారు, ఇప్పుడు పెళ్లిళ్లలో చేతులు పట్టుకుని గుండ్రంగా కోలో ఆడుతోంది."

రాయే అయ్యుంటుంది. అంత పెద్ద డాక్టర్లకు తెలియనిది నాకేం తెలుసు? స్టీరింగ్ తిప్పేదాన్ని. మాత్రల వల్లే అయితే నాకూ జగోర్కాకూ కూడా రావాలిగా. రాలేదు. రాయే.

ఆగస్టు 3

రాయే.

ఆగస్టు 5

చెప్పేశాను.

ముందుగా ఏమీ అనుకోలేదు. ఆసుపత్రి స్టాపులో బస్సు ఆపాను. ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు. తలుపులు మూసే మీట మీద చెయ్యి పెట్టాను. చెయ్యి కదల్లేదు. రేపు ఈ పాటికి ఆవిడ పొట్ట కోసి ఉంటారు. ఇంజను కూడా ఆపకుండా లేచి దిగిపోయాను.

"ఏయ్! ఎక్కడికి పోతున్నావ్?" అని పుచ్చకాయ ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన అరిచాడు. దాని వెనకే ఇంకో గొంతు, "పోతే పోయావ్, ఆ తలుపులైనా మూసి పో! గాలి!"

మూయలేదు.

డాక్టరమ్మ గదిలో కూర్చుని ఏదో తింటోంది. నిలబడే చెప్పాను. ఐవార్ సీసా, కాఫీ కప్పులు, మూడో వంతు, పిట కింద పొట్లం. మొదట నవ్వింది, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని. తర్వాత చేతిలో రొట్టె బల్ల మీద పెట్టేసింది.

"ఇక్కడికొచ్చాక కూడా ఇచ్చారా? ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషికి?"

"పాపం, ఆవిడకు పిండి పడిందన్నారు కదా..."

ఆమె నా వైపు చూడకుండా ఫోను అందుకుంది. సర్జనుతో మాట్లాడి రేపటి ఆపరేషన్ ఆపించింది. ఫోను పెట్టేశాకే నా వైపు తిరిగింది.

"మీ ముగ్గురి ముఖాలూ చూసి చెప్పాను! ఇవ్వకండి, తీసుకోకండి అని! ఇది ఇంటి వెనక కాసిన కూరగాయా, ఇరుగుపొరుగుకు పంచడానికి? రేపు ఈ మాత్రలు దేశమంతా మింగుతారు. దీనితో లివర్‌కు ఏ ప్రమాదం లేదని నేను సంతకం పెట్టాను, మీ మాట నమ్మి!"

ఏడ్చింది. అంత చదువుకున్న పిల్ల ముక్కు చీదుకుంటూ ఏడుస్తుంటే నాకు నిలబడటానికి చోటు దొరకలేదు. క్షమించమన్నాను. క్షమించలేదు. "వెళ్లండి, మీ బస్సు హారన్ మోగుతోంది," అంది.

నిజమే, ఎవరో నా సీట్లో కూర్చుని హారన్ కొడుతున్నారు. పుచ్చకాయ పెద్దాయన.

ఆగస్టు 6

"నడిరోడ్డు మీద, జనం లోపలుండగా, ఇంజను ఆపకుండా! అక్కా, నిన్ను నేనెలా కాపాడను?" అన్నాడు రదొవాన్. షెడ్డుకి పంపారు. నీళ్ల గొట్టం పట్టుకున్నాను. పట్టుకోనన్న చేతులే పట్టుకున్నాయి.

ఆగస్టు 12

ఆవిర్లు మళ్లీ విరుచుకుపడ్డాయి. సీసా డాక్టరమ్మకు అప్పగించాము. జగోర్కా నాతో మాట్లాడటం మానేసింది. ఎదురుపడితే మిరపకాయలతో మాట్లాడుతుంది, నాకు వినిపించేలా. "కొందరికి ఓర్పుండదమ్మా, ఏం చేస్తాం," అని.

ఆగస్టు 20

టీచరుగారి అంకెలు దిగుతున్నాయి. రోజూ దిగుతున్నాయి. రాయి లేదు, గడ్డ లేదు. ఇంటికి పంపేశారు. పొట్ట మీద గాటు లేకుండా వెళ్లింది.

మమ్మల్నిద్దరినీ డాక్టరమ్మ పిలిపించింది. మేము పరిశోధనలోంచి అవుట్. ఏడాది మందు లేదు. మేము ఏమేం మింగామో రాసి పంపాలి కాబట్టి మా ఇద్దరి తాళాలు కూడా తీయించిందట.

"జగోర్కా గారూ, మీది పిండి మాత్ర."

జగోర్కా నోరు తెరిచింది. "నాకా? పిండా? మరి నాకు తగ్గిందే!"

"తగ్గుతుంది. కొందరికి నమ్మకంతోనే తగ్గుతుంది." తర్వాత నా వైపు తిరిగింది. "అసలు మందు మీది, రుమెనా గారూ. మీ ఒక్కరిదే."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. ఆమె నా గీతల పుస్తకం విప్పి చూపించింది.

"మొదటి నెల చూడండి, గీతలు ఎలా తగ్గిపోయాయో. నేను చాలా సంతోషపడ్డాను. తర్వాత మళ్లీ పెరిగాయి. ఎందుకో అర్థం కాక జుట్టు పీక్కున్నాను. మీరు గమనించలేదా?"

గమనించలేదు. నేను జగోర్కా ముఖం చూస్తూ కూర్చున్నాను. తెల్లవారుజామున దుప్పటి కోసం తడుముకుని, వాన అనుకున్నాను. నిద్రపట్టిన రాత్రులన్నీ నావే. వాటిని ఆ సీసాలో పోసి, బదులుగా పిండి తెచ్చుకుని, ఆవిడకు దండాలు పెట్టాను. అదైనా నా ఖర్మ అనుకోవచ్చు. కానీ టీచరుగారి ఒంట్లోకి వెళ్లిన ప్రతి అసలు మాత్రా నాదే. నా చేత్తోనే ఇచ్చాను, పిట చేసి మరీ. ఉత్తచేతులతో వచ్చానని సిగ్గుపడ్డానే, ఆ పెళ్లికి విషం తెచ్చింది నేనొక్కదాన్నే.

వరండాలోకి వచ్చామో లేదో జగోర్కా మెడ ఎర్రబడింది. ముఖం మీద చెమటలు. గోడ పట్టుకుని నిలబడి, రెండు వారాల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"వచ్చేసిందే! చూడు, ఎలా కాలిపోతోందో! ఈ పిల్ల చెప్పకుండా ఉంటే ఏం పోయేది? నేను హాయిగానే ఉన్నాగా!"

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆవిడ ముఖానికి నా టోపీతో విసిరాను. అక్కడ ఒక కిటికీ ఉంది. ఇద్దరం ఒకేసారి తెరవబోయాము. దారినపోయే నర్సు, "అయ్యో, గాలి!" అంటూ వచ్చి మూసేసింది.

ఆగస్టు 21

ఈ పుస్తకం వెనక పేజీలు తిప్పబుద్ధి కావడం లేదు. దుప్పటి గురించి ఎక్కడో రాశాను. చూడను.

సెప్టెంబరు 10

ఊరంతా మిరపకాయలు కాలుస్తున్న వాసన. డ్రైవర్లు సగంమంది జర్మనీ పోయారు, బస్సు నడిపేవాడు లేక నన్ను మళ్లీ మూడో నంబరు ఎక్కించారు. అక్టోబరు పరీక్ష దాకా మాత్రమే అని రదొవాన్ గట్టిగా చెప్పాడు. కొత్త మందు లేదు, పాత మందు కుదరదు. టోపీ తీసి విసురుకోవడం ఒక్కటే వైద్యం.

డాక్టరమ్మ ఫోను చేసింది. లివర్ సంగతి అన్ని ఊళ్లకూ రాశారట. ఇకమీదట పరిశోధనలో ఉన్నవాళ్లందరికీ ప్రతి నెలా రక్తం చూస్తారట. "మీరు చేసింది తప్పే," అంది. కాసేపు ఆగి, "కానీ చెప్పారు," అంది. క్షమించినట్టో కాదో తేల్చకుండా పెట్టేసింది.

టీచరుగారి ఇంటికి ఇంతవరకూ వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

సెప్టెంబరు 17

పొద్దున మొదటి ట్రిప్పులోనే, వంతెన మీద, ఆవిరి. కళ్ల ముందు రోడ్డు అలలలాగా ఊగింది. బస్సు పక్కకు తీసి ఆపి కిటికీ తెరిచాను. వెంటనే వెనక నుంచి అదే కేక. ఆ ఉన్నిచొక్కా పెద్దమ్మే.

"ఏమ్మా డ్రైవరూ! నీకెన్నిసార్లు చెప్పాలి? ముయ్యి!"

నాకు పోట్లాడే శక్తి లేదు. చెయ్యి కిటికీ మీదకు పోయింది.

"కిటికీ తెరిచే ఉంటుంది. మీరు కూర్చోండి."

నా సీటు వెనక నుంచి వచ్చిందా గొంతు. ఎక్కినప్పుడు నేను చూసుకోలేదు. మిలేవా టీచరుగారు. సన్నబడిపోయింది, కళ్లలో పచ్చదనం ఇంకా పూర్తిగా పోలేదు. చెవులు మూసుకునేలా రుమాలు బిగించి కట్టుకుంది. ఆవిడకూ గాలంటే భయమే, నాకు తెలుసు.

"మా చెల్లెలి మూతి..." అని మొదలెట్టింది పెద్దమ్మ.

"మీ చెల్లెలి మూతి సంగతి దిగాక మాట్లాడుకుందాం. కూర్చోమన్నాను."

కూర్చుంది. బస్సులో సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే, ఒక్కరు కిక్కురుమనలేదు. నేను గాలి పీల్చుకుని, రోడ్డు నిలబడేదాకా ఆగి, బస్సు కదిపాను.

చివరి స్టాపులో అందరూ దిగారు. ఆవిడ దిగలేదు.

"ఎక్కడికి వెళ్లాలి టీచరుగారూ?" అన్నాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. అద్దంలోనే చూశాను.

"ఎక్కడికీ లేదు."

"మరి?"

"నీ పరీక్ష ఎప్పుడు?"

"అక్టోబరు పదిహేను."

"అప్పటిదాకా రోజూ ఈ సీట్లోనే కూర్చుంటాను," అని రుమాలు ముడి ఇంకొంచెం బిగించుకుంది. "బస్సు పోనీ, ఆలస్యమవుతోంది."